సబ్‌మెరైన్ ఓబులేసు ఊరికి

నేను ఇరవై రెండేళ్లు జలాంతర్గాముల్లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. ఆ మాట పత్రికలవాళ్లు రాస్తారు గానీ, మాలో ఎవరూ జలాంతర్గామి అనరు. సబ్‌మెరైన్ అని కూడా పెద్దగా అనం. మాకది బోటు. మా అమ్మ భీమిలిలో చేపలు అమ్ముకునే రోజుల్లో నా ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "మావోడు నీటికింద ఓడలో ఉంటాడు" అని చెప్పేది. విన్నవాళ్లు ఓడ మునిగిపోయిందనుకుని ఆమె మీద జాలిపడేవారు.

నిరుడు చలికాలంలో మా పాత బోటును తుక్కు కింద కోసేస్తున్నారని తెలిసింది. అందులో పనిచేసినవాళ్లం ఒకరోజు విశాఖపట్నంలో కలుసుకుందాం అనుకున్నాం. ఎవరెక్కడున్నారో వెతికే పని నా మీద పడింది. ఓబులేసు తప్ప అందరూ దొరికారు. అతని పాత నంబరు పనిచేయడం లేదు. పదిహేనేళ్లు పనిచేసి తన ఊరికి తిరిగి వెళ్లిపోయాడనీ, ఆ ఊరు అనంతపురం జిల్లాలో బెళుగుప్ప దగ్గర ఒక పల్లె అనీ మాత్రం గుర్తుంది.

బోటులో మనిషికొక మంచం ఉండదు. ఒకడు డ్యూటీకి లేస్తే, డ్యూటీ దిగినవాడు వచ్చి అదే పక్క మీద, ఆ వెచ్చదనం చల్లారకముందే పడుకుంటాడు. నేనూ ఓబులేసూ నాలుగేళ్లు ఒకే పక్క వాడుకున్నాం. అలాంటివాణ్ణి వదిలేసి మిగతావాళ్లం ఫొటోలు తీయించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. మార్చి మొదట్లో బయలుదేరాను. నాలుగు రోజులనుకున్నది పదకొండు రోజులైంది.

అనంతపురం: పొడుగు బన్ను

రైలు దిగేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు దగ్గర ఒక బేకరీ కనిపించింది. గోడ మీద ధరల పట్టీలో ఎగ్ పఫ్, దిల్‌పసంద్, వాటి కింద సబ్‌మెరైన్ అరవై రూపాయలు అని రాసి ఉంది. ఇరవై రెండేళ్లు దాని కడుపులో ఉన్నవాణ్ణి, ఇప్పుడది నా కడుపులోకి వస్తానంటే ఎలా కాదంటాను. తెమ్మన్నాను.

మూరకి కాస్త తక్కువ పొడుగున్న బన్ను. మధ్యకి చీల్చి ఆమ్లెట్టు, ఉల్లిపాయ ముక్కలు, కారం, తియ్యటి సాసు కుక్కారు. మొదటిసారి కొరకగానే సాసు అవతలి చివరనుంచి బయటికొచ్చి నా తెల్లచొక్కా మీద పడింది. బేకరీ అతను తడిగుడ్డ తెచ్చిచ్చాడు.

"దీనికి ఆ పేరు ఎవరు పెట్టారండీ?" అని అడిగాను.

"బెంగళూరులో పని నేర్చుకుంటాంటే అట్ల పిలుస్తాండిరి. పొడుగ్గా ఉంటాది కదన్నా, అందుకేమో."

నేను సబ్‌మెరైన్‌లో పనిచేసి రిటైరయ్యానని చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "ఏ కంపెనీ మోటార్లన్నా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతను చేతిని నేలవైపు కిందికి, ఇంకా కిందికి దించి చూపించాడు. "బోర్లోకి దింపుతారే, ఆ సబ్‌మెరైన్. మీ దిక్కు ఏమంటారు?"

సబ్‌మెర్సిబుల్ పంపు అతను చెప్తున్నది. మా దిక్కు దానికి పేరుతో పెద్దగా అవసరం పడదు. మా పెరట్లో పదిహేను అడుగులకే నీళ్లు. అదే అతనికి చెప్పాను. పక్క బల్ల మీద టీ తాగుతున్న పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "పదైదు అడుగులకా?" అని అడిగాడు. అవునన్నాను. ఆయన గ్లాసెత్తి మిగతా టీ తాగాడు. కాసేపటికి మళ్లీ నావైపు తిరిగి, "ఉప్పు నీళ్లా?" అన్నాడు. మంచినీళ్లే అని చెప్పడానికి నాకు ఎందుకో సిగ్గేసింది.

కళ్యాణదుర్గం: బాషా అంగడి

మర్నాడు పొద్దున కళ్యాణదుర్గం బస్సు. కిటికీ బయట ఎర్రమట్టి, రాళ్లు, మళ్లీ ఎర్రమట్టి. శనక్కాయ ఎప్పుడో పీకేసిన చేలలో గొర్రెలు ఏమీ లేనిచోట ఏదో వెతుక్కుంటున్నాయి. మిట్టల మీద గాలిమరలు నిదానంగా తిరుగుతున్నాయి. మాకు సముద్రం ఎటుందో కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. ఇక్కడ నాకు దిక్కు తెలియడానికి ఎండ తప్ప ఏ ఆధారం లేదు.

బస్టాండు ఎదురుగా ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లుతారు. మేం బొరుగుల్ని పిల్లలకి చిరుతిండిగా పెడతాం గానీ పొద్దుటి ఫలహారంగా ఎరగం. నలభై రూపాయలకి కడుపు నిండిపోయింది. బజ్జీ కారానికి కళ్లనీళ్లు వస్తుంటే హోటలాయన నవ్వకుండా చక్కెర తెచ్చి చేతిలో పోశాడు.

ఆయన్నే అడిగాను, ఓబులేసు అనే మాజీ నేవీ మనిషి తెలుసా అని.

"సబ్‌మెరైన్ ఓబులేసా? ఆయన తెల్దనేటోడు ఈ దిక్కు ఉండడు. మోటారు కేబులు కింద నీళ్లలో అతుకుతారే, ఆ అతుకు పేరే సబ్‌మెరైన్ జాయింటు. ఆయన వేస్తే పది పదైదేండ్లు చుక్క నీళ్లు దూరవు." గొంతు తగ్గించి, "ఇప్పుడు మాత్రం ఆయన దింపిన మోటారు ఒకటి నిలబడతల్యా అంటాండారు. బాషాను అడుగు, ఆయన శిష్యుడే" అన్నాడు.

బాషా అంగడి నాలుగు షాపుల అవతలే ఉంది. కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే పని. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. నేనెవరో చెప్పగానే స్టూలు తుడిచి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఓబులేసు దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్నానన్నాడు.

"ఇప్పుడు కలుస్తుంటావా?" అని అడిగాను.

"రెండు నెలలాయ మాట్లాడి." తీగ చుట్టను చేతిలో తిప్పుతూ చెప్పాడు. "ఎర్రిస్వామి అని ఓబులేసన్న ఊర్లోనే చీనీ తోట ఉండాదన్నా, మీ దిక్కు బత్తాయి అంటారే, అది. వాళ్ల మోటారు నేను చుట్టిచ్చినా, ఓబులేసన్న దింపినాడు. పదైదు దినాలకు కాలిపాయ. మళ్ల చుట్టినా. మళ్ల కాలిపాయ. మూడోసారీ చుట్టిచ్చినా. బాషా వైండింగు బాగల్యా అని అన్న అందరితో చెప్పినాడు. ఇరవై ఏండ్ల అంగడి ఇది. ఈ నెల నాలుగు మోటార్లు వచ్చినాయి, అంతే."

"నీ వైండింగులో తప్పుందా?"

"ల్యా అన్నా." గొంతులో కోపం లేదు. తీగ చుట్టను పక్కన పెట్టి బండి తాళం తీసుకున్నాడు. నన్ను తన బండి మీద బెళుగుప్ప దాటించి, పల్లె మొదట్లో దించాడు. ఊళ్లోకి రమ్మంటే తల అడ్డంగా ఊపి బండి తిప్పుకున్నాడు.

బెళుగుప్ప దాటాక: రెండు బకెట్ల నీళ్లు

ఇంటి ముందు రేకుల షెడ్డు, దాని మీద సబ్‌మెరైన్ మోటార్ వర్క్స్ అని బోర్డు. పక్కన ఒక జలాంతర్గామి బొమ్మ. రంగులేసినవాడు దాన్ని ఎప్పుడూ చూసినట్టు లేదు, చేపకి పెట్టినట్టు కన్ను పెట్టాడు.

లోపల ఒక అమ్మాయి మోటారు విప్పుతోంది. ఓబులేసు గోడవారగా పీట మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. "ఒరే ఓబులేసూ" అన్నాను. అతను తల పక్కకి తిప్పి విన్నాడు.

"అప్పలరాజు గొంతు మాదిరుండాదే. ఏమప్పా, బతికే ఉండావా?" అంటూ లేచి రెండు చేతులూ చాచుకుంటూ వచ్చాడు.

ఆ అమ్మాయి అతని కూతురు నాగవేణి. ముప్ఫై లోపు ఉంటుంది. అల్లుడు ఆటో నడుపుతాడు, అందరూ కలిసే ఉంటారు. ఓబులేసు భార్య పోయి ఆరేళ్లైందట. నాగవేణి నన్ను చిన్నాయనా అని పిలిచి చెంబుతో నీళ్లిచ్చింది. మా ఇళ్లలో అతిథి రెండు గుక్కలు తాగి మిగిలినవి మొక్కకు పోస్తాడు. ఇక్కడ చెంబు ఖాళీ చేసి ఇవ్వాలని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. నేను మిగిల్చిన నీళ్లను ఆమె మూత ఉన్న గిన్నెలోకి వంచుకుంది.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. ప్రయాణపు మట్టి పోవాలని స్నానాల గదిలోకి వెళ్లి, ఉన్న రెండు బకెట్లూ హాయిగా కుమ్మరించుకున్నాను. బయటికొచ్చి చూస్తే అల్లుడు బిందెలు పట్టుకుని పక్కింటికి పోతున్నాడు. కుళాయి మూడురోజులకొకసారి వస్తుందట. అది ఇంటిల్లిపాదీ వాడుకునే నీళ్లు. ఎవరూ నన్ను ఒక్క మాటా అనలేదు. ఓబులేసు మాత్రం పగలబడి నవ్వాడు. "పాపా, ఈయప్ప బోటులో కూడా ఇంతే. మొకం కడుక్కునేకి ఒక మగ్గు ఇస్తాండిరి. అది చాలదని ఏడుస్తాండె. నాకేమో మా ఇంటికాడ కంటే ఎక్కువే ఇస్తాండారు కదా అనిపిస్తాండె."

మధ్యాహ్నం భోజనానికి రాగిసంగటి, దానిలోకి ఊరిమిండి అనే శనక్కాయల పచ్చడి. సంగటిని నమలకుండా మింగాలని నాగవేణి నేర్పింది. తింటూ నేను వచ్చిన పని చెప్పాను. బోటును కోసేస్తున్నారని విని ఓబులేసు ముద్ద పట్టుకుని ఆగిపోయాడు.

"యా దిక్కు నుంచి కోస్తారంట?"

"తెలీదురా. ముందువైపు నుంచేమో."

"బ్యాటరీలు ముందే తీసేసింటారులే" అన్నాడు. చాలాసేపు ఆ బోటు లోపలి సంగతులే అడిగాడు. వస్తావా అంటే మాత్రం "చూద్దాంలేప్పా" అన్నాడు.

సాయంత్రం షెడ్డులో వాళ్ల పని చూస్తూ కూర్చున్నాను. నాగవేణి నన్ను అడిగింది, "చిన్నాయనా, సముద్రంలో కూడా సబ్‌మెరైన్ కేబులు ఉంటాదంట కదా. అంగట్లో మేము కొనే కేబులుకు కూడా అదే పేరు. రెండూ ఒకటేనా?" అని. ఒకటి కాదని, అది సముద్రం అడుగున దేశాల మధ్య ఫోను మాటలు మోస్తుందని చెప్పాను. "మాదేమో ఆరునూర్ల అడుగుల కిందికి కరెంటు మోస్తాది. మాటలు పైననే" అని నవ్వింది.

అప్పుడే ఒకటి గమనించాను. ఓబులేసు ప్రతి తీగకీ ముందు కూతుర్ని అడుగుతున్నాడు. "చెప్పు చూద్దాం, ఇది యా రంగు?" పాఠం చెప్తున్నట్టే ఉంది. ఎర్రది నాయనా, నీలం నాయనా అని ఆమె చెప్తోంది. పదేళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషికి రంగులు నేర్పడమేమిటి? టీ గ్లాసు అందించినప్పుడు అతని చెయ్యి గ్లాసుకి బెత్తెడు ఇవతల ఆగి, తడుముకుంటూ దాన్ని పట్టుకుంది.

ఎర్రిస్వామి చీనీ తోట

పొద్దున్నే ఎర్రిస్వామి వచ్చాడు. బక్కపల్చటి రైతు, నా వయసే. గుమ్మంలోనే నిలబడి, "మళ్ల కాలిపాయ ఓబులేసన్నా. ఇది మూడోసారి" అన్నాడు. నాలుగువందల చీనీ చెట్లు, ఎనిమిదేళ్ల తోట. పూత మీద ఉంది. మోటారు ఆగినప్పుడల్లా ట్యాంకర్లతో పోస్తున్నాడు. "బాషా వైండింగేనా ఈసారి కూడా?" అని అడిగాడు.

"వైండింగే" అన్నాడు ఓబులేసు.

నాగవేణి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. తండ్రివైపు చూసింది. తర్వాత తల దించుకుని పని చేసుకుంది.

మోటారు ఎత్తే బండి మాట్లాడి ఓబులేసూ నాగవేణీ తోటకి బయలుదేరారు. నేనూ వెళ్లాను. దూరం నుంచి తోట పచ్చగానే ఉంది. దగ్గరికి వెళితే ఆకులన్నీ దోసిలి పట్టినట్టు ముడుచుకుని ఉన్నాయి. కింద రాలిన పూత తెల్లగా, అడుగేస్తే కరకరలాడుతోంది. ఎర్రిస్వామి భార్య ఒక చెట్టు మొదట్లో బిందె వంచి, పక్క చెట్టుకి పోయకుండానే ఖాళీ బిందెతో వెనక్కి వెళ్తోంది.

పైపు బయటికి రావడానికి గంటన్నర పట్టింది. మోటారు పైకి తేలగానే ఓబులేసు ముందుకొచ్చి, కేబులు అతుకును చేత్తో తడిమి, రెండువైపులా కత్తిరించి, ఆ ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత మోటారు మీద చెయ్యి వేసి "ఇది కాలినది" అన్నాడు. అందరూ మోటారునే చూస్తున్నారు. నేను జేబును చూశాను.

స్టార్టరు గది వెనక నీడలోకి అతన్ని పిలిచాను.

"జేబులో ఏం పెట్టావు?"

"ఏమీ లేదప్పా."

"నేను చూశానురా."

జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. కళ్లద్దాలు పెట్టుకుని ఎండలో పట్టి చూశాను. మేం ఇద్దరం ఒకే మనిషి దగ్గర నేర్చుకున్న అతుకు అది. టేపు ప్రతి చుట్టూ ముందరి చుట్టు మీదికి సగం ఎక్కాలి. ఇందులో ఒకచోట రెండు చుట్ల మధ్య వెంట్రుక మందం సందు ఉంది. అక్కణ్ణుంచి నీళ్లు దూరి లోపల రాగి నల్లబడింది.

"నీకు ఇది కనబడలేదు కదూ."

అతను గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "మంచు పట్టినట్ల ఉండాదప్పా. రెండేండ్లాయ. ఎడమ కన్ను అసలు ల్యా."

"శుక్లాలురా. నాకు రెండు కళ్లకీ చేశారు. అరగంట పని. దీనికి భయమా?"

"ఆపరేషనుకు కాదు." నేల మీద వేలితో గీస్తూ చెప్పాడు. "సబ్‌మెరైనోడికి కండ్లు పోయినాయంట అని ఒకరంటే చాలు. ఆడపిల్ల మోటార్లు చేసేదేంది అని ఇప్పటికే సగం మంది పని ఇయ్యరు. ఇచ్చే సగం నా పేరు చూసి ఇస్తాండారు. నేను కూర్చుంటే ఆ పాప కూడా కూర్చోవల్ల."

"మరి బాషా సంగతి?"

అతను నేల మీద గీసింది అరచేత్తో చెరిపేశాడు.

అప్పుడు నేను అతనికి ఒక పాత సంగతి గుర్తుచేశాను. ఒకసారి బ్యాటరీల గదిలో పని ముగించి బయటికొచ్చాక నా స్పానరు ఒకటి తక్కువైంది. అది లోపల బ్యాటరీల మీద పడి ఉంటే మంటలు లేచి బోటంతా పోయేది. శిక్ష పడుతుందని నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఓబులేసు నా మొహం చూసి కనిపెట్టాడు. "నువ్వు పోయి చెప్తావా, నన్ను పోయి చెప్పమంటావా?" అన్నాడు. నేనే వెళ్లి చెప్పాను. పనులన్నీ ఆపి వెతికారు. స్పానరు దొరికింది. నాకు తిట్లూ దొరికాయి. కానీ ఆ పూట అందరం బతికే ఉన్నాం.

"ఆరోజు నువ్వు నన్ను అడిగిందే అడుగుతున్నాను" అన్నాను.

అవతల ఎర్రిస్వామి ఎవరితోనో ఫోనులో బాషాను తిడుతున్నది మాకు వినబడుతోంది. చివరికి నా భుజం పట్టుకుని లేచాడు.

ముందు కూతురి దగ్గరికి వెళ్లాడు. అతుకు ఆమె చేతిలో పెట్టి, "పాపా, దీన్ని చూడు. తప్పు ఈడుండాది" అన్నాడు.

ఆమె చూడకుండానే, "నాకు తెలుసు నాయనా" అంది.

"ఎట్ల తెలుసు?"

"నీ కండ్లు సరిగా లేవని తెలుసు. షెడ్డులో నువ్వు వేసిన జాయింట్లన్నీ నువ్వు టీకి పోయినప్పుడు విప్పి మళ్ల చుడతాండా. ఈ తోటలోవి మాత్రం నేను రానప్పుడు వేసినావు. అవి నాకు దొరకల్యా."

"ఎన్ని దినాల నుంచి?"

"రెండేండ్ల నుంచి."

ఓబులేసు ఆమె చేతిలోంచి అతుకు తీసుకున్నాడు. తర్వాత తిన్నగా ఎర్రిస్వామి దగ్గరికి నడిచాడు. బండివాళ్లు, పక్క చేలవాళ్లు అరడజను మంది ఉన్నారక్కడ. వాళ్ల ముందే చెప్పాడు.

"ఎర్రిస్వామీ, మోటారుది తప్పు కాదు. బాషాది తప్పు కాదు. నాకు కండ్లు కనపడతల్యా. మూడుసార్లూ జాయింటు నేను చెడగొట్టినా. తెలిసి కూడా బాషా మీదికి తోసినా."

ఎర్రిస్వామి ఫోను జేబులో పెట్టుకుని అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. కొడతాడేమో అనుకున్నాను.

"మొదటిసారే చెప్పింటే నా చెట్లు ఇట్ల కాకపోవు కదన్నా" అన్నాడు. తోటలోకి తిరిగి, అటువైపే చూస్తూ నిలబడ్డాడు. కొంతసేపటికి అటు తిరిగే అడిగాడు, "ఇప్పుడు ఎవరు చేస్తారు జాయింటు?"

"పాప చేస్తాది" అన్నాడు ఓబులేసు. "రెండేండ్లుగా మీ అందరివీ చేసింది ఆ పాపే. మీకు తెల్దు. నాకూ తెల్దు."

నాగవేణి ఫోనులో బాషాకి కలిపి స్పీకరు పెట్టింది. ఓబులేసు అదే మాట మళ్లీ చెప్పాడు. ఫోను తెగిందేమో అని నాగవేణి చూసుకుంది. అప్పుడు బాషా గొంతు వచ్చింది. "మోటారు ఎత్తుకోని రాండన్నా. రేపు మద్యానానికి చుట్టిస్తా."

మర్నాడు మోటారు తీసుకుని బాషానే తోటకి వచ్చాడు. ఓబులేసూ అతనూ ఎదురెదురుగా నిలబడ్డారు. క్షమించమని అడగడం ఓబులేసుకి చేతకాదు. "తిన్నావా?" అని అడిగాడు. తినలేదన్నాడు బాషా. తెచ్చుకున్న క్యారియరులోంచి చిత్రాన్నం ఇద్దరూ ఒకే మూతలో పెట్టుకుని తిన్నారు. నాగవేణి చెట్టు నీడలో కూర్చుని అతుకు వేసింది. వేశాక దాన్ని బకెట్టు నీళ్లలో ముంచి మీటరు పెట్టి చూసింది. మళ్లీ ఒకసారి చూసింది. ఎర్రిస్వామి పక్కనే గొంతుక్కూర్చుని ప్రతి చుట్టూ లెక్కపెడుతున్నట్టు చూశాడు. నమ్మకం ఒక్క పూటలో రాదు. ఆమె కూడా దానికి నొచ్చుకోలేదు.

మోటారును మళ్లీ బోర్లోకి దించి మీట వేశాక పైపు మొదట గాలి కక్కింది. తర్వాత ఎర్రనీళ్లు. ఆ తర్వాత మామూలు నీళ్లు. నాలుగించీల పైపు చివర రెండించీల ధార అది. మా ఊళ్లో అయితే ఎవరూ తల తిప్పి చూడరు. ఎర్రిస్వామి భార్య బిందె కింద పెట్టేసి కాలవ వెంట నడిచింది, నీళ్లు ఏ చెట్టు దాకా పోతున్నాయో చూసుకుంటూ. మిట్ట మీది రెండు సాళ్లు మాత్రం ఇక బతకవని ఎర్రిస్వామి చెప్పాడు. వాటి గురించి ఓబులేసుతో అతను నేనున్నన్ని రోజులూ సరిగా మాట్లాడలేదు. అది నాకు న్యాయంగానే తోచింది.

మళ్లీ అనంతపురం: కట్టు విప్పిన రోజు

నా తిరుగు టికెట్టు రద్దుచేసుకున్నాను. అనంతపురంలో ఒక కంటి ఆసుపత్రిలో ఓబులేసును చూపించాం. ముందు కుడికన్ను చేస్తామని, నెల తర్వాత రెండోదని చెప్పారు. దాంతో విశాఖపట్నం రావడం కుదరదని తేలిపోయింది. "బోటును నేను చూసినట్లే ఉండనీ, కోసింది చూసేది వద్దులే" అన్నాడు. నేను బలవంతపెట్టలేదు.

ఆపరేషను రోజు వరండాలో నేనూ నాగవేణీ బెంచీ మీద కూర్చున్నాం. ఊళ్లో ఏమంటున్నారని అడిగాను. నిన్న ఇద్దరు తమ మోటార్లు వెనక్కి పట్టుకుపోయారని చెప్పింది. "ఒకాయన మాత్రం తెచ్చినాడు. మీ నాయన చేయడు కదా, నువ్వే చేస్తావు కదా అని రెండుసార్లు అడిగి ఇచ్చిపోయినాడు." అది మంచికో చెడుకో తేల్చుకోలేనట్టు నావైపు చూసింది. బాషా తనకి వచ్చిన వాటిలో అతుకు పనులు పంపిస్తానన్నాడట.

మర్నాడు ఉదయం కట్టు విప్పారు. నర్సు దూది తీసి, నెమ్మదిగా కన్ను తెరవమంది. ఓబులేసు చాలాసేపు రెప్ప ఆడిస్తూ కూర్చున్నాడు. గోడ మీద క్యాలెండరు చదివాడు. తర్వాత నావైపు తిరిగి, దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఏమప్పా, ఇంత ముసలోడివైపోయినావా" అన్నాడు.

నర్సు నవ్వింది. నేనూ నవ్వాను.

నాగవేణి మందుల కవరు విప్పి, ఏ చుక్కలు ఎప్పుడు వేయాలో అతనికి చూపిస్తోంది. అతను సీసా వైపు చూడలేదు. ఆమె చేతులు పట్టుకుని వెలుతురులోకి తిప్పాడు. వేళ్ల నిండా రాగితీగ కోసిన గీతలు, కొన్ని మానినవి, కొన్ని పచ్చిగా ఉన్నవి. బొటనవేలి పక్కన కాలిన మచ్చలు. అరచెయ్యి గరుకుగా, కాయలు కాసి ఉంది.

"ఏమాయ పాపా నీ చేతులకు?" అన్నాడు.

"ఏమీ కాలేదు నాయనా. ఎప్పటినుంచో ఇట్లనే ఉండాయి."

అతను వాటిని వదల్లేదు. నర్సు మిగతా మంచాల దగ్గరికి వెళ్లి, మళ్లీ వచ్చి, కంట్లో నీరు పెట్టుకోకూడదని రెండుసార్లు చెప్పింది.